ఊరేగిన సీసా

గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఒక్క రోజు ప్రయాణం దూరంలో ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు పైడిగట్టు. రాజ్యం చాలా చిన్నది. పొద్దున్నే బయల్దేరితే భోజనం వేళకు ఈ పొలిమేర నుంచి ఆ పొలిమేరకు నడిచిపోవచ్చు. రాజుగారి బిరుదులు మాత్రం పెద్దవి. వాటిని చదవడం మొదలుపెడితే భోజనం వేళ దాటిపోయేది.

రాజు పేరు మార్తాండ భూపాలుడు. మనిషి చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. అయితే తనకు తెలియని సంగతి ఈ భూమ్మీద లేదని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మోసేవాళ్ళకే నడుములు పడిపోయేవి.

అలా మోసేవాళ్ళలో అందరికంటే పాతవాడు చిట్టెన్న పంతులు. ఆస్థానంలో ఆయన చమత్కారి. రాజుగారికి పొద్దుపోకపోతే నవ్వించాలి, కోపం వస్తే చల్లార్చాలి, తప్పు మాట్లాడితే అది తప్పు కానట్టు తిప్పాలి. నలభై ఏళ్ళుగా ఇదే కొలువు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ పట్టేశాయి, కళ్ళకు మసక కమ్మింది. పదకొండేళ్ళుగా ప్రతి ఉగాదికీ ఆయన "ఇక సెలవిప్పించండి ప్రభూ" అని అడుగుతూనే ఉన్నాడు. ప్రతి ఉగాదికీ రాజుగారు "ఈ ఒక్క ఏడాదీ కానియ్యి పంతులూ" అంటూనే ఉన్నారు. నవ్వించడం ఎంత చాకిరీయో నవ్వేవాళ్ళకు ఎప్పుడు తెలిసింది కనక!

ఆ ఏడు కార్తికంలో రేవుకు ఒక ఓడ వచ్చింది. దాని దొర పరాసువాడు, అంటే ఫ్రెంచివాడు. రాజుగారి దర్శనానికి వచ్చి మూడు సీసాలు కానుకగా సమర్పించాడు. వాటినిండా ఎర్ర ద్రాక్షసారా. నలభై ఏళ్ళ నాటిదట.

దొర ఏదో చెప్పాడు. పక్కనున్న దుబాసీ దాన్ని తెలుగులో చెప్పాడు: "మహాప్రభూ! ఇది నలభై ఏళ్ళు చల్లటి నేలమాళిగలో కదలకుండా పడుకుని ఉందట. ఇక ముందు కూడా కదపవద్దంటున్నారు. తాగబోయే ముందు మూడు రోజులు నిలబెట్టి వదిలేస్తే లోపలి మడ్డి అడుగుకు దిగుతుందట. అప్పుడు దీపం ఎదురుగా పెట్టుకుని నిమ్మళంగా వంచాలిట. మడ్డి సీసా మెడ దాకా రాగానే ఆపెయ్యాలిట."

రాజుగారు తల ఊపారు. విని కాదు. అప్పటికే తమ తాతగారి ఏనుగు సంగతి చెప్పడం మొదలుపెట్టి ఉన్నారు. దుబాసీ తన పని అయిందనుకుని ఊరుకున్నాడు. ఆ మాటలు విన్నవాడు సభలో ఒక్కడే. పొద్దుటి నుంచి సింహాసనం వెనక నిలబడి కాళ్ళు మార్చుకుంటున్న చిట్టెన్న పంతులు. 'నలభై ఏళ్ళు పడుకుందా! అదృష్టమంటే అదీ. నేనేమో అదే నలభై ఏళ్ళు నిలబడ్డాను' అనుకున్నాడు. నిజంగానే ఆయనకు ఆ సీసాల మీద కాస్త ఈర్ష్య కలిగింది.

దొర వెళ్ళిపోయాక రాజుగారు సీసాల సంరక్షణ గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు.

"ఊరికే ఉంచితే ఏ వస్తువైనా పాడవుతుంది. ఆవకాయ జాడీ కలపకపోతే బూజు పడుతుంది. గుర్రాన్ని తిప్పకపోతే కాళ్ళు పడిపోతాయి. ద్రాక్షసారాకు మాత్రం వేరే ధర్మం ఉంటుందా? పైగా ఇది ఒక రాజుకు వచ్చిన కానుక. దానికి మర్యాద జరగాలి."

వెంటనే ఒక ఆజ్ఞ రాయించి, వేలి ఉంగరంతో ముద్ర వేశారు. రోజూ ఉదయం సీసాలను మూడుసార్లు తలకిందులు చేయాలి. ప్రతి సోమవారం పల్లకీలో పెట్టి, మేళతాళాలతో కోట చుట్టూ ఊరేగించాలి.

పంతులు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. రాజుగారిని సరిదిద్దడమంటే కనీసం రెండు గంటల పని. ఆ రెండు గంటలూ నిలబడాలి. మోకాళ్ళు వద్దన్నాయి. పోనీలే, సారాయే కదా అనుకున్నాడు.

ఆ ఆజ్ఞ పానశాల కాచే పోలయ్య చేతికి వెళ్ళింది. రాజుగారు తాగే నీళ్ళు, పాలు, షర్బతు అన్నీ ముప్ఫై ఏళ్ళుగా అతడి చేతి మీదుగానే వస్తున్నాయి. కాగితంలో ఎలా ఉందో అలా చేసే మనిషి. రోజూ తెల్లవారగానే స్నానం చేసి, సీసాలకు దణ్ణం పెట్టి, లెక్క తప్పకుండా మూడుసార్లు తిప్పేవాడు. సోమవారం వస్తే పల్లకీ ముందు డోళ్ళు, వెనక సన్నాయి. బోయీలు పరుగుతీస్తుంటే లోపల సీసాలు దడదడలాడేవి. వాటికి ఎదురొచ్చిన జనం ఎవరో దేవుడనుకుని చెప్పులు విప్పేవారు.

నాలుగు నెలలు ఇలా గడిచాయి. ఫాల్గుణంలో రాజుగారి పుట్టినరోజు వచ్చింది. నిండు సభలో మొదటి సీసా లక్క పగలగొట్టి, బిరడా లాగి, బంగారు గిన్నెలో పోశారు.

రాజుగారు గిన్నె ఎత్తి పట్టుకుని, ఇంకా తాగకుండానే గుణవిచారణ ప్రారంభించారు.

"పాత ద్రాక్షసారాను పరీక్షించడం అందరికీ రాదు. మొదట ఎండు ఖర్జూరం వాసన వస్తుంది. తరవాత దేవదారు పెట్టె తెరిచినట్టు ఉంటుంది. ఆ పైన తొలకరి మన్ను. నాలుక మీద పట్టు జారినట్టు జారుతుంది."

సభలో సగం మంది అప్పటికే "అద్భుతం, అద్భుతం" అంటున్నారు. రాజుగారు ఒక్క గుక్క పుచ్చుకున్నారు. ముఖం ముడుచుకుపోయింది. పళ్ళ మధ్య కరకరమంది. నల్లటి మడ్డి పట్టుపంచె మీద ఉమ్మేశారు. అద్భుతమన్నవాళ్ళు ఏమనాలో తెలియక దగ్గడం మొదలుపెట్టారు.

"ఇది సారా కాదు, బురద!" అని రాజుగారు అరిచారు. "ఎవడో అసలుది తాగేసి చింతపండు పులుసులో చెరువు మట్టి కలిపి పోశాడు! ఎక్కడ పోలయ్య?"

పోలయ్య వచ్చి సాష్టాంగపడ్డాడు. "నా బిడ్డల మీద ఒట్టండీ బాబూ. చుక్క ముట్టుకుంటే నా నాలుక పడిపోతాది. లక్క కూడా సెక్కుసెదరలేదు కదండీ. ఏలినోరు ఎలా రాసిత్తే అలాగే సేశానండీ."

"లక్క సంగతి మాకు తెలుసు, కరిగించి మళ్ళీ అతికించవచ్చు" అన్నారు రాజుగారు. నిండు సభ ఉంది, పంచె మీద మరక ఉంది. చిన్నమాట అనడానికి వీల్లేదు. లేచి నిలబడ్డారు. "ఈ ద్రాక్షసారాను ఏ చెయ్యి పాడు చేసిందో ఆ చేతిని మణికట్టు దాకా నరికిస్తాం. అది ఎవరి చెయ్యి అయినా సరే! మా మాట వెనక్కి తీసుకోం!"

ఆ మాట వినసొంపుగా ఉండటంతో మరో రెండుసార్లు అన్నారు.

పంతులు పోలయ్య చేతుల వంక చూశాడు. అవి వణుకుతున్నాయి. సభ ముగిశాక రోజూ పానశాల వెనక తనకు పీట వేసి, కొబ్బరిబోండం కొట్టి ఇచ్చేది ఆ చేతులే. ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చునేవాడు. "ఒక మంచి మాట చెప్పండి పంతులుగారూ, నవ్వుకుంటాం" అని ఈ కోటలో తనని ఎన్నడూ అడగని మనిషి అతడొక్కడే. ఆనాడు తను ఒక్క మాట అని ఉంటే ఈనాడు ఇతడికి ఈ గతి పట్టేది కాదు. రెండు గంటలు నిలబడలేక ఒక మనిషి చెయ్యి పోగొడుతున్నాను అనుకున్నాడు. సిగ్గుపడ్డాడు.

"ప్రభూ" అంటూ ముందుకొచ్చాడు. "ఒక్క సీసా రుచి చూసి మూడింటి సంగతీ తేల్చడం ధర్మం కాదు. ఇంకా రెండున్నాయి. రెండోదాన్ని నాకు మూడు రోజులు అప్పగించండి. పరీక్షిస్తాను."

రాజుగారికి అంత కోపంలోనూ నవ్వొచ్చింది. "పంతులూ, నీవు సారా తాగవు. వాసనైనా చూడవు. ఎలా పరీక్షిస్తావయ్యా?"

"తాగను ప్రభూ. దాని దగ్గర కూర్చుంటాను."

"అంతేనా?"

"అంతే. నాకు ధాన్యపు కొట్టు కింద ఉన్న చల్లటి గది కావాలి. ఒక నులకమంచం కావాలి. మూడు రోజులు ఆ చుట్టుపక్కల డోలు మోగకూడదు, ఎవరూ నన్ను పలకరించకూడదు."

ఇందులో ఏదో తమాషా ఉంటుందని రాజుగారు ఒప్పుకున్నారు. పోలయ్యను ఠాణాలో పెట్టారు. రెండో సీసాను గదిలో పీట మీద నిలబెట్టారు. పంతులు మంచం వేయించుకుని తలుపు మూసుకున్నాడు.

మొదటి రోజు సాయంత్రం రాజుగారు భటుణ్ణి పంపారు. వాడు వెళ్ళి చూసి వచ్చాడు.

"పంతులు ఏం చేస్తున్నాడు?"

"నిద్దరోతున్నారండి."

"సీసా ఏం చేస్తోంది?"

"అదీ అలాగే ఉందండి."

రెండో రోజు ఉండబట్టలేక రాజుగారే బయల్దేరారు. తలుపు దగ్గరికి రాకముందే లోపలి నుంచి పంతులు గొంతు వినిపించింది. "అడుగు మెల్లగా ప్రభూ. పరీక్ష సగంలో ఉంది." జీవితంలో మొదటిసారి మార్తాండ భూపాలుడు మునివేళ్ళ మీద నడిచి వెనక్కి వెళ్ళిపోయారు.

పంతులు అంతసేపూ నిద్రపోలేదు. నలభై ఏళ్ళ అలసట కనక కళ్ళు మూయగానే నిద్ర వచ్చేది, నిజమే. కానీ మధ్యమధ్య ఉలిక్కిపడి లేచేవాడు. లేచి సీసా దగ్గరికి ముఖం పెట్టి చూసేవాడు. మసక కళ్ళకు ఏమీ తెలిసేది కాదు. మడ్డి దిగిందో లేదో? నాలుగు నెలలు ఊరేగినది మూడు రోజుల్లో కుదురుకుంటుందా? దొర ఉత్తమాట చెప్పి ఉంటే? ముట్టుకుని చూద్దామంటే కదులుతుందేమోనని భయం. "నువ్వూ నాలాంటిదానివే తల్లీ, కాస్త స్థిమితపడు" అని ఒకసారి సీసాతో అన్నాడు. మళ్ళీ పడుకున్నాడు. ఇంకేం చేయగలడు?

నాలుగో రోజు ఉదయం సభ తీరింది. సీసాను తేవడానికి పల్లకీ, మేళం సిద్ధంగా ఉన్నాయి. పంతులు వద్దన్నాడు. గడ్డి పరిచిన బుట్టలో సీసాను నిలబెట్టి, గుండెలకు ఆనించుకుని తానే బయల్దేరాడు. మోకాళ్ళ నొప్పితో అడుగు తీసి అడుగు వేస్తుంటే, కొట్టు నుంచి సభకు ఉన్న వంద అడుగులకు అరగంట పట్టింది. కోటలో అంత నెమ్మదిగా నడిచేవాడు ఆయన ఒక్కడే. ఆ రోజుకు కావలసింది అదే.

"సీసాను మోసుకొస్తున్నాడా, మేరు పర్వతాన్నా?" అని రాజుగారు విసుక్కున్నారు.

పంతులు బుట్టను బల్ల మీద దించాడు. మూడో సీసాను కూడా పక్కన పెట్టించాడు. రెండిటి మీదా లక్క ఎక్కడా చెక్కుచెదరలేదని రాజుగారి చేతే చూపించాడు. రెండో సీసా లక్కను రాజుగారే స్వయంగా పగలగొట్టారు. అప్పుడు సింహాసనానికీ బల్లకూ మధ్య ఒక తెర కట్టించాడు. తెరకు అటు రాజుగారు, ఇటు సభ మొత్తం.

"మేము చూడకూడదా?" అన్నారు రాజుగారు.

"చూసి చెప్పడం మాలాంటివాళ్ళ పని ప్రభూ. ఏలినవారు రుచితోనే చెప్పగలరు కదా!"

రాజుగారు మీసం సవరించుకున్నారు.

పట్టపగలు దీపం వెలిగించమంటే అందరూ వింతగా చూశారు. పంతులు ఠాణా నుంచి పోలయ్యను పిలిపించాడు. దగ్గరికి వంగి, అతడికి మాత్రం వినపడేలా అన్నాడు: "పోలయ్యా, నాకు కళ్ళు ఆనవు. నువ్వే వంచాలి, ఆ కుడిచేత్తోనే. సీసా మెడ వెనక దీపం ఉంటుంది. నల్లటి పోగు మెడలోకి రాగానే ఆపెయ్యి. రవ్వంత దాటినా ఇద్దరం పోయినట్టే."

"నా సెయ్యి వణుకుతోందండీ బాబూ."

"సీసా పట్టుకో. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి ఎప్పుడైనా చుక్క ఒలికించిందా?"

పోలయ్య సీసా అందుకున్నాడు. మూడు రోజులుగా వణుకుతున్న చెయ్యి సీసా బరువు తెలియగానే కుదురుకుంది. సారా దారంలా గాజుకూజాలోకి దిగింది. పాత ఇటుక రంగు, దీపం అవతల నుంచి కనిపించేటంత తేట. ముప్పాతిక వంతు దిగాక పోలయ్య చటుక్కున ఆపేశాడు. కూజాలోది ఒక గాజుగ్లాసులో పోశాడు. తరవాత పంతులు సైగ చేస్తే, సీసా మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి అలవాటు ప్రకారం మూడుసార్లు తలకిందులు చేశాడు. ఆ మిగిలింది రెండో గ్లాసులోకి వంచాడు.

సభంతా చూసింది. చూడనివారు రాజుగారొక్కరే.

మొదటి గ్లాసు తెర అవతలికి వెళ్ళింది. రాజుగారు ఒక గుక్క తాగారు. ఉపన్యాసం ఇవ్వబోయి ఆగిపోయారు. ఇంకో గుక్క తాగారు.

"ఖర్జూరం..." అన్నారు మెల్లగా. "నిజంగానే ఉంది పంతులూ. తొలకరి మన్ను కూడా ఉంది." ఆ గొంతులో మొదటిసారి డాబు లేదు.

రెండో గ్లాసు వెళ్ళింది. రాజుగారు నోట్లో పోసుకున్నంతసేపు పట్టలేదు, ఉమ్మేశారు. "ఇదిగో! దొంగ చేతి పని ఇదే! మొదటిది అమృతం, ఇది బురద!"

"ఈ రెండూ వేరువేరు అని ఏలినవారు రూఢిగా చెబుతున్నారా?"

"నిద్రలో లేపి అడిగినా చెబుతాం!"

"తెర తీయండి" అన్నాడు పంతులు.

తెర తొలగింది. బల్ల మీద ఒక ఖాళీ సీసా. పక్కన మూడోది, లక్క ముద్రతో. రాజుగారు ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని చూశారు. సభలోని వాళ్ళ ముఖాల్లోకి చూశారు. అందరూ తమ కాళ్ళ వంక చూసుకుంటున్నారు. చివరికి ముసలి సేనాపతి తల ఊపాడు. "రెండూ ఆ సీసాలోవే ప్రభూ. కళ్ళారా చూశాం."

"మరి ఆ బురద ఎక్కడిది?"

పంతులు అనుమతి అడగకుండానే అక్కడున్న పీట మీద కూర్చున్నాడు. ఇక నిలబడలేకపోయాడు.

"అది బురద కాదు ప్రభూ, వయసు. నలభై ఏళ్ళు ఉన్నదేదైనా అడుగున కొంత మడ్డి చేరుతుంది. నాలోనూ ఉంది. కూర్చోనిస్తే అది అడుగునే ఉంటుంది, పైన తేటగా ఉంటాం. ఊపితే అంతా ఒకటవుతుంది. కదపవద్దని పరాసు దొర ఆనాడే చెప్పాడు. నేను విన్నాను, విని ఊరుకున్నాను. ఆ తప్పు నాది."

"అయితే దాన్ని కదిపిందెవరు?"

"పోలయ్యే ప్రభూ. రోజుకు మూడుసార్లు. కానీ అతడి చెయ్యి దానంతట అది కదల్లేదు. దాన్ని ఒక కాగితం కదిపింది." పంతులు ఉత్తరీయం చెరగు నుంచి, పోలయ్య పానశాలలో దాచి ఉంచిన మడత కాగితం తీశాడు. ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తడుముకుంటూ చదివాడు. "రోజూ ఉదయం మూడుసార్లు తలకిందులు చేయవలెను... సోమవారం పల్లకీలో ఊరేగించవలెను... కింద ఏదో ముద్ర ఉంది ప్రభూ. నా కళ్ళు మసక. ఎవరిదో ఆనడం లేదు. ఏలినవారు చూసి చెప్పండి. ఆ చెయ్యి ఎవరిదైనా సరే అన్నారు కదా."

కాగితం రాజుగారి చేతికి వెళ్ళింది. సభలో ఎవరూ కదల్లేదు. రాజుగారు ముద్ర చూశారు. వేలి ఉంగరం చూశారు. ఆ కుడిచెయ్యి తనంతట తానే మెల్లగా శాలువా లోపలికి జారుకుంది.

మొదట శాలువా కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. తరవాత రాజుగారు కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"మాట వెనక్కి తీసుకోం అని మూడుసార్లు అన్నాం పంతులూ! ఇప్పుడేం చేయమంటావు?"

"తప్పు చేసింది చెయ్యి కాదు ప్రభూ, ఉంగరం. దాన్ని తీసి ఒక నెల పెట్టెలో పడుకోబెట్టండి. రాజ్యం కూడా కాస్త తేటపడుతుంది."

పక్కనున్నవాళ్ళు అదిరిపోయారు. రాజుగారు మాత్రం ఇంకా గట్టిగా నవ్వారు. పోలయ్యకు పట్టుబట్టలు పెట్టించి, ఆ చేతికే వెండి కడియం తొడిగించారు. పోలయ్య ఏడ్చాడు. కడియం వైపు చూడనే లేదు, చేతిని చూసుకుని ఏడ్చాడు.

"నీకేం కావాలి పంతులూ? అడుగు."

"ఆ సీసాకు ఇచ్చిందే నాకూ ఇప్పించండి ప్రభూ. చాలా అలసిపోయాను."

రాజుగారి నాలుక చివరిదాకా వచ్చింది, ఈ ఒక్క ఏడాదీ కానియ్యి పంతులూ అని. కానీ ఎదురుగా ఆ రెండు గ్లాసులూ ఉన్నాయి. రెండిటినీ చూసి ఆ మాట మింగేశారు.

"పల్లకీ పిలిపిస్తాం. మేళంతో ఇంటిదాకా..."

"వద్దు ప్రభూ" అని పంతులు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నడిచే వెళతాను."

రాజుగారు ఉంగరాన్ని పెట్టెలో పెట్టబోయి ఆగారు. కాగితం తెప్పించి, స్వహస్తాలతో ఒక్క ముక్క రాసి, ఆ నెలకు ఆఖరిసారిగా ముద్ర వేసి పోలయ్య చేతికిచ్చారు. పోలయ్య పంతులుకంటే ముందు పరుగున వెళ్ళి దాన్ని ఆయన ఇంటి తలుపుకు అతికించాడు. అందులో ఇలా ఉంది: "ఈయనను ఎవరూ కదపరాదు."

పంతులు వీధి మలుపు తిరిగేసరికి మధ్యాహ్నమైంది. అల్లంత దూరం నుంచే, ఆ మసక కళ్ళతోనే, ఆ ముద్ర ఎవరిదో ఇట్టే పోల్చుకున్నాడట.